‘నేను’ అని చదివిన వానాకాలం

రెండువేల ఆరులో మా బత్తలపల్లె చుట్టుపక్కల శనక్కాయ విత్తిన వాళ్ళందరూ మబ్బు కోసం ఎదురుచూస్తుంటే, నేను అనంతపురంలో బి.ఏ. రెండో ఏడు చదువుతూ ఒక పుస్తకానికి భయపడుతూ గడిపాను.

ఆ పుస్తకాన్ని తెచ్చింది మా ఇంగ్లీషు లెక్చరర్ నందిని మేడం. అనంతపురం పాతూరులో బట్టల అంగడి శెట్టిగారి కూతురు, బెంగుళూరులో చదివి వచ్చింది. సిలబస్‌తో పని లేకుండా క్లాసంతా కలిసి ఒకే పుస్తకం చదవాలని ఆమెకు కోరిక. శనివారం మధ్యాహ్నాలు అందుకు పెట్టింది. అందరికీ జిరాక్స్ కాపీలు ఇచ్చింది. కేరళ సముద్రం ఒడ్డున ఒక ముస్లిం ఇంట్లో పుట్టిన కుర్రవాడు పెద్దయ్యాక రాసుకున్న చిన్ననాటి కథ అది. వలలు అల్లే తండ్రి, మసీదు మెట్లు, ఆగని వాన, వాటి మధ్య తన మనసు మగపిల్లల వైపే పోతోందని ఆ అబ్బాయికి మెల్లగా తెలిసిరావడం. మేడం ఆ సంగతి మొదటి రోజే దాపరికం లేకుండా చెప్పింది. వెనక బెంచీలో ఎవరో దగ్గారు.

“మీలో సగం మందికి ఈ ఇంగ్లీషు కష్టం. కుళ్ళాయప్పా, నువ్వు ఒక్కో పేరా చదివి తెలుగులో చెప్పు. మీ ఇళ్ళల్లో ఆచారాలు కూడా నీకు తెలిసే ఉంటాయి కదా,” అంది.

నాకు తెలిసింది తక్కువ. మేం దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఉర్దూ రాదు. మసీదులో మమ్మల్ని సగం సాయిబులనేవాళ్ళు. కాలేజీలో మాత్రం ఆ శనివారం నుంచి నేను నిండు సాయిబునయ్యాను.

పుస్తకమంతా ‘నేను’ అనే ఉంది. తెలుగులో చెప్పేటప్పుడు నేను దాన్ని ‘అతను’ అని మార్చాను. మేడం ఆపింది.

“రాసినాయన నేను అన్నాడు. నువ్వూ నేను అనే చెప్పు. అప్పుడే అందరికీ దగ్గరగా ఉంటుంది.”

అప్పటి నుంచి ప్రతి శనివారం ముప్పై నలభై మంది ముందు నిలబడి, ఆ మనిషి మాటలన్నీ నా నోటితో అన్నాను. నేను భయపడ్డాను. నేను దాచుకున్నాను. నేను వాడి కోసం గేటు దగ్గర నిలబడ్డాను. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కునేటప్పుడు నా మీద నుంచి ఏదో ఒలిచి చూపించినట్టు ఉండేది.

ఎందుకంటే అవి నాకు పరాయి మాటలు కావు. మా ఊరి శనక్కాయల వ్యాపారి కొడుకు సాయిగణేష్ ఇంటర్ నుంచీ నాతో చదివాడు. ధర్మవరం నుంచి వచ్చే పొద్దుటి బస్సులో ఇద్దరం ఒక సీటులో కూర్చుని అనంతపురం పోయేవాళ్ళం. అతను కూర్చున్నాడంటే పక్కవాడి మీద వాలి నిద్రపోతాడు. నేను కదలకుండా కూర్చునేవాణ్ణి. కాలేజీ స్టాపు వచ్చినా లేపాలనిపించేది కాదు. దానికి పేరు ఉందని గానీ, అది పుస్తకాల్లో రాసుకునే సంగతి అని గానీ నాకు తెలియదు. నా ఒక్కడికే వచ్చిన రోగమనుకున్నాను.

ఆగస్టు చివర్లో ఒక శనివారం చదవాల్సిన భాగాన్ని ముందురోజే ఇంట్లో చూసుకున్నాను. అందులో ఒక పేరా దగ్గర నాకు చెమట పట్టింది. క్లాసులో దాన్ని దాటేసి కిందికి పోయాను.

“మేడం, ఈడ ఒక పేరా ఇడ్సినాడు,” అన్నాడు సాయిగణేష్.

చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కాపీ మీద వేలు పెట్టి లైను వెంట వస్తున్నవాడు తప్పిపోయాడు, అంతే.

“పొరపాటున పోయినట్టుంది. చదువు కుళ్ళాయప్పా,” అంది మేడం.

చదివాను. తెలుగులో చెప్పాను.

“వరసలో భుజానికి భుజం తగిలేటట్టు నిలబడాలి, మధ్యలో సైతానుకు సందు ఇవ్వకూడదని మా నాయన చెప్పేవాడు. ఆరోజు నా పక్కన వాడు నిలబడ్డాడు. దేవుణ్ణి ఏం అడగాలనుకున్నానో నేను మరిచిపోయాను. ఇంటికి వచ్చి అన్నం తినేటప్పుడు కూడా నా కుడి భుజం వెచ్చగానే ఉంది. నేను...”

అక్కడ ఆగిపోయాను. ఎటు చూడాలో తెలియక సాయిగణేష్ వైపు చూశాను. నేను చూడటం అతను చూశాడు. మిగతావాళ్ళూ చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మేడం కళ్ళు చెమ్మగిల్లాయి. “చూశారా, చదవడమంటే ఇదీ. తన సొంత కథే అన్నట్టు చదివాడు,” అంది.

ఆమె మనసులో మెచ్చుకోలు తప్ప ఇంకేమీ లేదు. నేను కూర్చున్నాను. బెంచీ మీద నా పక్కన జాగా ఒకటి పెద్దదవుతున్నట్టు అనిపించింది.

సోమవారం పొద్దున బస్సులో మా సీటు ఖాళీగానే ఉంది. సాయిగణేష్ ఫుట్‌బోర్డు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

“వచ్చి కూర్చోప్పా,” అన్నాను.

“వద్దులే. ఈడైతే గాలి తగులుతాది.”

అనంతపురం దాకా అట్లాగే నిలబడి వచ్చాడు. ఆ వారంలోనే నాకు ‘తేడా’ అని పేరు పడింది. కాలేజీలో మా బ్లాకు మెట్ల మీద ఎవరో సుద్దతో రాశారు. నేను ఆ మెట్లు ఎక్కి పోతూ, అది నాకు కాదన్నట్టు నటించడం నేర్చుకున్నాను. సెప్టెంబరులో కొందరు తండ్రులు వచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడారు. మతాన్ని కించపరిచే పుస్తకమని ఒకాయన, పిల్లల్ని చెడగొట్టే పుస్తకమని ఇంకొకాయన అన్నారట. చదవడం సగంలో ఆగిపోయింది. మేడం కాపీలన్నీ వెనక్కి తీసుకుంది. నాది ఇంట్లో కనపడలేదని చెప్పాను. ఆమె నన్ను ఏదో అడగబోయి ఆగింది. నేను నిలబడకుండా వచ్చేశాను.

ఇంట్లో ఇవేవీ తెలియవనుకున్నాను.

మా నాయన దస్తగిరి పరుపులు కుట్టేవాడు. పెళ్ళిళ్ళ ముందు ఇళ్ళకే పోయి, బూరుగు దూది ఏకి, అక్కడే వాకిట్లో కూర్చుని కుట్టి ఇచ్చేవాడు. సాయిగణేష్ వాళ్ళ అక్కకు కార్తీకంలో పెళ్ళి కుదిరింది. పరుపులు మా నాయనకే చెప్పారు. అప్పటికి రంజాన్ నెల మొదలైంది. నాయన ఒక్కపొద్దు ఉండి కూడా పని మానేవాడు కాదు. ఆదివారం గుడ్డ పట్టుకోవడానికి నన్ను వెంట రమ్మన్నాడు. వద్దనడానికి నాకు సాకు దొరకలేదు.

సాయిగణేష్ తల్లి యశోదమ్మ నులక మంచం మీద కూర్చుని మా పని చూస్తోంది. మంచి మనిషే. చిన్నప్పుడు నాకు ఎన్నోసార్లు అన్నం పెట్టింది.

“దస్తగిరీ, మీవోడు కాలేజీలో ఏందో పుస్తకం చదివినాడంట గదా.”

“చదివేదానికే గదమ్మా పంపినాం,” అన్నాడు నాయన సూది ఆపకుండా.

“అట్లాంటి పుస్తకం కాదంటలే. మగోళ్ళూ మగోళ్ళూ... నాకి చెప్పేదానికి నోరు రాదు. మావోడు రొండు దినాలు సరిగ్గా కూడు తినల్యా.”

“పుస్తకం ఆ మేడమ్ది తల్లీ. మావోడు చదివి చెప్పినాడు, అంతే.”

“ఏమో. ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. కుట్టినంక పరుపులు పైకి నువ్వే ఎత్తుకొని పో. పిల్లోన్ని పంపొద్దు. పైన మావోడు చదువుకుంటాండాడు.”

నాయన సూదిని గుడ్డలోంచి పూర్తిగా లాగాడు. “సరేమ్మా,” అన్నాడు.

మధ్యాహ్నం ఎండలో, గొంతులో చుక్క నీళ్ళు లేకుండా, మోకాలి నొప్పితో ఆయన ఒక్కో పరుపునూ నెత్తిన పెట్టుకుని మిద్దె మెట్లు ఎక్కాడు. అవి ఇద్దరు మోసే పరుపులు. నేను వాకిట్లో మిగిలిన దూది ముందు కూర్చున్నాను. ఒకసారి ఆయన కాలు తడబడింది. నేను లేవబోయాను. యశోదమ్మ నా వైపు చూసింది. మళ్ళీ కూర్చున్నాను. కిందికి దిగి వచ్చేసరికి ఆయన గడ్డం నిండా దూది. నా వైపు చూడకుండా సామాను సర్దుకున్నాడు. ఆరోజు నేలలోకి దిగిపోవాలనిపించడమంటే ఏమిటో నాకు అర్థమైంది. నన్ను ‘తేడా’ అన్నప్పుడు కూడా అంత సిగ్గు కలగలేదు.

అప్పుడు కాలేజీకి దసరా సెలవులు. మర్నాడు నాయన మా వాకిట్లో ఎవరివో పాత పరుపులు విప్పి కుడుతున్నాడు. అమ్మ రేషను అంగడికి పోయింది.

“ఆ పుస్తకం యాడుండాది?” అన్నాడు.

“మేడంకి ఇచ్చేసినా.”

“అబద్ధం చెప్పాకు. తెచ్చి చదువు.”

“అది ఇంగ్లీషు నాయనా.”

“ఊర్లో వాళ్ళ పిల్లోళ్ళకంతా తెలుగులో చెప్పినావంట గదా. నాకీ చెప్పు.”

తెచ్చాను. మొదటి రోజు ‘అతను, అతను’ అంటూ చెప్పాను. నాయన కుట్టుకుంటూ విన్నాడు. వలలు అల్లే తండ్రి సంగతి వచ్చినప్పుడు మాత్రం, ఏ దారంతో అల్లుతారని అడిగాడు. పుస్తకంలో లేదన్నాను. అమ్మ లేని సమయం చూసి మధ్యాహ్నాలు అట్లా కొన్నాళ్ళు సాగింది. క్లాసులో ఆగిపోయిన చోటును కూడా దాటిపోయాం. ఎప్పుడు మారిందో నేను గమనించలేదు గానీ, ఒక పూట చెప్తూ చెప్తూ ‘నేను’ అంటున్నానని నా చెవికే వినపడింది. ఆగాను. నాయన సూది కూడా ఆగింది.

“ఊ, చెప్పు,” అన్నాడు తల ఎత్తకుండా.

చివరి భాగంలో ఆ కుర్రవాడు తండ్రికి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాడు. తండ్రి తిట్టడు, కొట్టడు. వల ముందు కూర్చుని అల్లుకుంటాడు. ఆ తర్వాత కొడుకుతో ఒక్క మాట మాట్లాడడు. కొడుకు దూరదేశం పోతాడు. తండ్రి చనిపోయిన సంగతి వాడికి ఎప్పటికో తెలుస్తుంది.

“మట్టికి గూడా పిల్చలేదా వాన్ని?” అన్నాడు నాయన.

“పిల్చలేదు.”

“ఏం మనిషప్పా వాడు,” అన్నాడు. తండ్రినన్నాడో, కొడుకునన్నాడో నేను అడగలేదు.

కాసేపటికి తనే అందుకున్నాడు. “పండగైనంక మీ అత్తోళ్ళింటికి పోయి మాట ఖాయం చేసుకొని రావల్లంటాంది మీ అమ్మ. మీ అత్త కూతురు మాబున్నిని నీకి చేసుకునేది చిన్నప్పటి మాటే గదా. ఇన్నాళ్ళూ మీ ఇష్టమంటివి. ఇప్పుడు అడుగుతాండా. నీకి ఇష్టమేనా?”

అవునని అనాలని నోరు తెరిచాను. ఆ మూడక్షరాలు రాలేదు. కాదనడానికీ రాలేదు. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని దూది వైపు చూస్తూ కూర్చున్నాను. నాయన చాలాసేపు నన్నే చూశాడు. తర్వాత దారం పంటితో కొరికాడు.

“సరే,” అన్నాడు. “లెయ్యి. ఒక్కపొద్దు ఇడిసే యాళైతాంది. నీళ్ళు తోడు.”

పండగ వెళ్ళిన వారంలో నాయన, నేను ధర్మవరం పోయాం. ముహూర్తం మాట్లాడటానికి పోతున్నామని అమ్మ అనుకుంది. నాయన చెప్పలేదు గానీ, ఎందుకు పోతున్నామో బస్సు ఎక్కేటప్పుడే నాకు తెలిసిపోయింది.

మా మేనత్త ఫక్కీరమ్మ నాయనకు అక్క. మామ పోయినప్పటి నుంచీ ఆ ఇంటికి మగదిక్కు నాయనే. ఏ పని వచ్చినా ముందు ఆయనకే కబురు పంపేది. అత్త పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టి ఇస్తుంది. మాబున్నిదీ అదే పని. మేం పోయేసరికి మాబున్ని కిటికీ దగ్గర చీర ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. లేచి నాకు సేమ్యా గిన్నె తెచ్చి ఇచ్చి మళ్ళీ పనిలో కూర్చుంది.

“తిను అల్లుడా. నీ కోసమని పండగనాటి నుంచి సేమ్యాలు ఎత్తిపెట్టినా,” అంది అత్త.

నాయన కూర్చోలేదు. “అక్కా, ఈ సంబంధం వద్దనుకుంటాండాం,” అన్నాడు.

అత్త నవ్వింది. “ఏం పరాచికాలురా ఇయ్యి?”

“పరాచికం కాదక్కా.”

నవ్వు పోయింది. “యాల? నా బిడ్డలో ఏం కొదవ చూసినావు?”

“బిడ్డ బంగారం. కొదవ మా దాంట్లోనే ఉండాది.”

“ఏం కొదవ? నోరు తెరిచి చెప్పల్ల గదా.”

అప్పుడు నేను నోరు తెరిచాను. నిజంగానే చెప్పేసి ఉండేవాణ్ణేమో తెలియదు. నాయన చెయ్యి నా భుజం మీద పడింది. బరువుగా, లేవనీయకుండా.

అత్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “తెలిసిందిలే. కొడుకు కాలేజీకి పోతాండాడు. దుడ్లున్నోళ్ళ సంబంధం వచ్చింటాది. కుచ్చులు కట్టే పిల్ల యాల పనికొస్తాది?”

నాయన గోడ వైపు చూశాడు. ఆయన ఇంత వరకూ ఎవరితోనైనా మాట తప్పాడని నేను వినలేదు.

“అవునక్కా,” అన్నాడు. “అట్లనే అనుకో.”

కిటికీ దగ్గర కుచ్చులు కడుతున్న చేతులు ఆగాయి. మాబున్ని లేచి నా దగ్గరకు వచ్చింది. గిన్నెలో ఇంకా సగం ఉంది.

“ఇంగ చాల్లే బావా. ఇటియ్యి,” అంది.

ఇచ్చాను. దాన్ని తీసుకుని లోపలికి పోయింది. అత్త తలుపు దాకా రాలేదు.

బస్సు బత్తలపల్లె దగ్గరకు వచ్చేదాకా నాయన కిటికీలోంచి ఎండిన శనక్కాయ చేలను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు:

“మీ అమ్మకు అక్కే వద్దనిందని చెప్తా.”

“ఎందుకు నాయనా?”

“మనమే వద్దంటిమని చెప్తే యాలని అడుగుతాది. ఆయమ్మ అడిగితే నేను చెప్పలేను. నువ్వూ చెప్పలేవు.”

“నాయనా, నేను...”

“బస్సులో వద్దు,” అన్నాడు.

ఇంట్లో కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అమ్మ మూడు నాళ్ళు మా అత్తను నోటికొచ్చినట్టు తిట్టింది. “నా కొడుకుని కాదనేంత గొప్పదైపోయిందా మీ అక్క? ఇంగ ఆమె గడప తొక్కితే నా మీద ఒట్టే,” అంది. నాయన అన్నం కలుపుకుంటూ విన్నాడు. అక్కడ ధర్మవరంలో మా వాళ్ళంతా దస్తగిరి దుడ్లకు ఆశపడి అక్క నోట్లో మట్టి కొట్టాడని చెప్పుకున్నారు. ఆ దుడ్లున్న సంబంధం ఎప్పుడొస్తుందా అని కొన్నాళ్ళు చూశారు. రాకపోయేసరికి నవ్వుకున్నారు. పెళ్ళిళ్ళలో ఆయన పక్కన కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. ఇవన్నీ నాకు ఎవరెవరో చెప్పారు. ఆయన మాత్రం ఒక్కటీ చెప్పలేదు.

ఆ చలికాలంలో బక్రీదు వచ్చింది. కుర్బానీ మాంసంలో చుట్టాల వాటా పక్కన తీశాడు నాయన. అక్కకు ఇచ్చి రావాలన్నాడు. అమ్మ మొహం చిట్లించింది.

“ఒట్టు పెట్టినా గదా.”

“ఇది దేవుని పని. దీనికి ఒట్లు లేవు,” అన్నాడు.

అమ్మ దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, పాత తువ్వాలుతో మూట కట్టి, తన పద్ధతిలో రెండు ముళ్ళు వేసి ఇచ్చింది. నేనూ వస్తానన్నాను. నాయన వద్దన్నాడు. తెల్ల చొక్కా తొడుక్కుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని ధర్మవరం బస్సులో కూర్చున్నాడు. నేను రోడ్డు మీద నిలబడి చూశాను.

పొద్దు వాలకముందే తిరిగి వచ్చాడు. డబ్బా చేతిలోనే ఉంది. అమ్మ వేసిన ముళ్ళు వేసినట్టే ఉన్నాయి.

“ఏమైంది?” అంది అమ్మ.

“ఇంట్లో ఎవురూ లేరు.”

“పండగనాడు ఇల్లిడ్సి యాడికి పోతారు?”

“తెలీదు. తలుపేసిండ్రి.”

అమ్మ ఆయన మొహం వైపు కాసేపు చూసి, డబ్బా తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది. చెడిపోతుందని అప్పుడే వండేసింది. ముగ్గురం కూర్చున్నాం. కూర బాగా కుదిరింది. నాయన గరిటె తీసుకుని ముందు నాకు వడ్డించాడు. నేను తల వంచుకుని తిన్నాను.